నగరం నడిబొడ్డున అద్దె గది
('ది లోన్లీ లండనర్స్' నవల, మన వలస కథలు)

1

విదేశాలకు వెళ్ళిన మనవాళ్ళ మీద వచ్చే కథలను గురించి చర్చ జరిగినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. ఆ మాట 'సర్దుకుపోవడం'. చలికి సర్దుకుపోవడం, తిండికి సర్దుకుపోవడం, పక్కింటివాడు పలకరించకపోవడానికి సర్దుకుపోవడం. ఈమధ్య మా ఊళ్ళో జరిగిన ఒక సాహిత్య సమావేశంలో ఒక యువ మిత్రుడు ప్రసంగిస్తూ, వలస సాహిత్యం మొత్తం రెండు సంస్కృతుల మధ్య సంఘర్షణేనని తేల్చి చెప్పాడు. ఉదాహరణగా అయిదారు కథలు కూడా చూపించాడు. అంతా విన్నాక నేను ఒకే ప్రశ్న అడిగాను: "ఆ కథానాయకుల గది అద్దె ఎంత? ఆ డబ్బు ఎవరికి ముడుతుంది?" కొందరు నవ్వారు. నేను హాస్యానికి అడగలేదు. ఆనాడు సమయం చాలక చెప్పలేకపోయిన జవాబును ఈ వ్యాసంలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఒక మనిషి ఒక నగరానికి సర్దుకుపోయాడంటే అసలు దేనికి సర్దుకుపోయినట్టు? నగరం ఎండా వానల్లాగ ప్రకృతి ఇచ్చింది కాదు. దానికి యజమానులున్నారు. ఏ వీధిలో ఎవరుండాలో, ఎంత ఇచ్చుకుంటే ఉండనిస్తారో నిర్ణయించే శక్తులున్నాయి. ఎంగెల్స్ ఇంగ్లండులోని కార్మికవర్గ పరిస్థితుల మీద 1845లో వెలువరించిన పుస్తకంలో, లండన్ వీధుల్లో ఒకరినొకరు పట్టించుకోకుండా సాగిపోయే జనాన్ని చూసి కలవరపడతాడు. ఆయన కూడా ఆ దేశానికి పరాయివాడే. కాని ఆ ఉదాసీనతకు కారణాన్ని ఆయన ఇంగ్లీషువాళ్ళ స్వభావంలో వెతకలేదు. మనుషులను విడివిడి ముక్కలుగా చేసి, ఒకరి మీదికి ఒకరిని పోటీకి ఉసిగొల్పే ఆర్థిక వ్యవస్థలో వెతికాడు. 1872లో గృహ సమస్య మీద రాసిన వ్యాసాల్లో మరో అడుగు ముందుకు వేశాడు. నగరం నడిబొడ్డున భూమి విలువ పెరిగేకొద్దీ కార్మికుల ఇళ్ళు అక్కడ నిలవవనీ, మురికివాడ మాయమైనట్టు కనిపించినా మరోచోట తలెత్తుతుందనీ నిరూపించాడు. పరాయి దేశం వెళ్ళి నగరం మధ్యలో కాపురం పెట్టిన మనిషి కథను చదవడానికి మనకు కావలసిన పనిముట్లు ఇవే. వీటిని పక్కనపెట్టి 'సంస్కృతి' అనే ఒక్క మాటతో ఆ కథలను కొలవడం వల్ల మనం చాలా పోగొట్టుకుంటున్నాం.

ఈ విషయాన్ని చర్చించడానికి శామ్యూల్ సెల్వన్ 1956లో ప్రచురించిన 'ది లోన్లీ లండనర్స్' నవలను తీసుకుంటున్నాను. మన విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖల్లో ఈ పుస్తకం పేరు వినబడుతూనే ఉంటుంది. తెలుగు విమర్శలో దీన్ని గురించి లోతుగా మాట్లాడుకోవలసినంత మాట్లాడుకోలేదని నా అభిప్రాయం.

2

సెల్వన్ 1923లో ట్రినిడాడ్‌లో పుట్టాడు. తండ్రి వైపు మూలాలు మద్రాసులో ఉన్నాయి, తల్లి వైపు స్కాట్లండ్ రక్తం కలిసింది. 1950లో లండన్ చేరాడు. మరో పెద్ద రచయిత జార్జి లామింగ్ కూడా అదే ఓడలో ప్రయాణం చేశాడు. ఇది యాదృచ్ఛికం కావచ్చు. కాని ఆ ఓడలు నిండడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌కు పనిచేసే చేతులు కావలసివచ్చాయి. 1948లో చేసిన జాతీయతా చట్టం వలస రాజ్యాల ప్రజలకు కూడా ఆ దేశంలో అడుగుపెట్టి స్థిరపడే హక్కును గుర్తించింది. అదే సంవత్సరం జూన్ 22న 'ఎంపైర్ విండ్‌రష్' అనే ఓడ కరిబియన్ దీవుల నుంచి వందలాది మందిని టిల్‌బరీ రేవులో దించింది. 1956లో లండన్ రవాణా సంస్థ ఏకంగా బార్బడోస్ వెళ్ళి బస్సులకూ రైళ్ళకూ పనివాళ్ళను ఎంపిక చేసుకోవడం మొదలుపెట్టింది. మనుషులను పిలిచారు. వాళ్ళు ఎక్కడ పడుకుంటారన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. నగరపాలక సంస్థల ఇళ్ళు కావాలంటే ఆ ఊళ్ళో కొన్నేళ్ళు నివాసం ఉండి తీరాలి. కొత్తగా దిగినవాడికి అది కుదరని పని. కాబట్టి వాళ్ళకు మిగిలినవి బేస్‌వాటర్, నాటింగ్ హిల్ లాంటి పేటల్లో ఉన్న పాత మేడలు. ఒకప్పుడు నౌకర్లూ చాకర్లతో ధనిక కుటుంబాలు నివసించిన ఆ మేడలను యజమానులు గదులు గదులుగా చీల్చి అద్దెకిచ్చారు. రంగు మనుషులకు ఇల్లు లేదని బోర్డులు వేలాడదీసిన ఊళ్ళో, ఇస్తానన్నవాడు అడిగిందే అద్దె. జాతివివక్ష రెండు పనులు చేసింది. చాలా తలుపులు మూసింది, తెరిచిన తలుపు ధర పెంచింది. దీన్ని కేవలం 'దురభిప్రాయం' అనడం చాలదు. దాని మీద లాభం తీసేవాళ్ళున్నారు.

సెల్వన్ నవలకు ఇది భూమిక. ఆయన దీన్ని ఎక్కడా ఉపన్యాసంగా చెప్పడు. ఒక గదిలో కూర్చోబెట్టి చూపిస్తాడు.

3

ఆ గది మోజెస్ది. లండన్‌లో పదేళ్ళుగా ఉంటున్న ట్రినిడాడ్ కార్మికుడు అతను. నవల మొదట్లో పొగమంచు కమ్మిన శీతకాలపు సాయంత్రం బస్సెక్కి, కొత్తగా వస్తున్న ఒక మనిషిని కలుసుకోవడానికి వాటర్లూ స్టేషన్‌కు పోతాడు. వచ్చేవాడెవడో అతనికి తెలియదు. ఊరి నుంచి ఎవరో చెప్పి పంపారు, అంతే. తనకే సరిగా లేని చోట ఇంకొకడికి చోటు చూపించవలసిరావడం అతనికి విసుగు. అయినా వెళ్తాడు. గల్ఫ్‌కో, బొంబాయికో, సూరత్‌కో మనవాళ్ళు వెళ్ళిన ప్రతిచోటా ఇలాంటి మోజెస్ ఒకడు ఉంటాడు. వలస పోయినవాడికి మొట్టమొదటి సంస్థ ఇలాంటి మనిషే.

ఆ వచ్చినవాడికి మోజెస్ 'సర్ గాలహాడ్' అని పేరు పెడతాడు. సామాను లేదు, చలికోటు లేదు, భయం కూడా లేదు. అయితే మర్నాడు పని వెతుక్కుంటానని ఒంటరిగా వీధిలోకి వచ్చేసరికి అతనికి గుండెలు జారిపోతాయి. వెనకే వచ్చిన మోజెస్ అతన్ని పని ఇప్పించే కార్యాలయానికి తీసుకుపోతాడు. అక్కడ దరఖాస్తుదారుల కాగితాల మీద రంగును సూచించే గుర్తు వేస్తారని మోజెస్ వివరిస్తాడు. పని ఇచ్చేవాడికి ముందుగానే సంగతి తెలియాలి కదా! ఇక్కడ సెల్వన్ శిల్పాన్ని గమనించాలి. ఈ ఘట్టంలో దుర్మార్గుడెవడూ లేడు. గుమాస్తా తిట్టడు, పోలీసు కొట్టడు. ఒక కాగితం, దాని మీద ఒక చిన్న గుర్తు, అంతే ఉన్నాయి. వ్యవస్థ పనితీరును ఇంత తక్కువ సామగ్రితో చూపించడం సామాజిక వాస్తవికత మీద గట్టి పట్టు ఉన్నవాడికే సాధ్యం.

మరో ఘట్టంలో గాలహాడ్ పని పోయి, తిండి లేక, కెన్సింగ్టన్ తోటలో ఒక పావురాన్ని పట్టుకుంటాడు. ఒక ముసలి ఇంగ్లీషు మహిళ చూసి గగ్గోలు పెడుతుంది. పారిపోయి ఆ పావురాన్ని తెచ్చి మోజెస్‌తో కలిసి వండుకు తింటాడు. పాఠకుడు నవ్వుతాడు. నవ్వాక గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆ నగరంలో పావురాలకు గింజలు వేసే చేతులు చాలా ఉన్నాయి, ఆకలిగొన్న మనిషికి పని దొరకదు. దీన్ని 'సంస్కృతుల సంఘర్షణ' అనవచ్చా? పావురం మాంసం తినడం ఒక ఆచారం, తినకపోవడం మరో ఆచారం అని సరిపెట్టుకోవచ్చా? అలా సరిపెట్టే విమర్శ ఆకలిని ఆచారంగా మారుస్తుంది.

నవలలో నాకు అన్నిటికన్నా విలువైన పాత్ర టాంటీ. టోల్‌రాయ్ అనే యువకుడు తల్లిని మాత్రమే రమ్మని రాస్తే, ఇంటిల్లిపాదీ దిగుతారు. వాళ్ళలో ముసలమ్మ టాంటీ ఒకరు. హారో రోడ్ దగ్గర కార్మికుల పేటలో కాపురం. ఆవిడ వీధి చివరి కొట్టుకు పోయి సరుకులు తీసుకుని, మా దీవిలోలాగే ఖాతా రాసుకో, వారం జీతాలు రాగానే ఇస్తానంటుంది. అరువు అడగవద్దని కొట్టులో బోర్డు ఉంది. ఆవిడ ఆ బోర్డును లెక్కచేయదు. కాగితంలో చుట్టకుండా చేతికిచ్చిన రొట్టెను వద్దంటుంది. కొన్నాళ్ళకు కొట్టువాడు లొంగుతాడు. ఆ పేటలో ఉన్న తెల్ల ఆడవాళ్ళు కూడా వారానికోసారి బాకీ తీర్చే ఆ పద్ధతిలో చేరతారు. నవలలో కొన్ని పేజీలు మాత్రమే ఆక్రమించిన ఈ సంఘటన నా దృష్టిలో మొత్తం వలస సాహిత్యానికి ఒక పాఠం. టాంటీ సర్దుకుపోలేదు. పేటే ఆమెకు సర్దుకుంది. అది సాధ్యపడిందంటే, ఆ పేటలోని తెల్ల కార్మిక కుటుంబాలకు కూడా వారం చివర చేతిలో డబ్బు ఆడదు కాబట్టి. రంగు వేరైనా బాకీ ఒకటే. అదే టాంటీ తర్వాత ఒకరోజు ఇంటి అలమర తాళంచెవి కోసం మొదటిసారి భూగర్భ రైలెక్కి నగరం నడిబొడ్డుకు పోతుంది. ఆ ప్రయాణాన్ని సెల్వన్ ఒక సాహసయాత్రలాగ, హాస్యంతోను, గౌరవంతోను రాస్తాడు.

నవల భాష గురించి కూడా చెప్పాలి. సెల్వన్ మొదట ప్రామాణిక ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, కథ కదలలేదు. కథకుడి గొంతును కూడా ట్రినిడాడ్ మాటతీరులోకి మార్చాకే నవల సాగిందని ఆయనే చెప్పుకున్నాడు. పాత్రల చేత మాత్రమే మాండలికం మాట్లాడించి, తాను మాత్రం శిష్టభాషలో నిలబడి వాళ్ళను చూపించే రచయితలు మనలోనూ చాలామంది ఉన్నారు. అందులో తెలియకుండానే ఒక ఎత్తు పీట ఉంటుంది. సెల్వన్ ఆ పీట దిగాడు. మన భాషలో నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో చేసిన పని ఇలాంటిదే. సెల్వన్ మనుషులు బేస్‌వాటర్ అనరు, 'వాటర్' అంటారు. నాటింగ్ హిల్ గేట్‌ను 'గేట్' అంటారు, మార్బుల్ ఆర్చ్‌ను 'ఆర్చ్' అంటారు. నగరంలో ఒక గది కూడా సొంతంగా లేనివాళ్ళు దాని పేర్లనైనా తమవి చేసుకుంటారు. మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు రంగూన్‌ను 'రంగం' చేసుకున్నారు. తెలంగాణ పల్లెల్లో గల్ఫ్ దేశాలన్నిటికీ కలిపి 'దుబాయి' అనే పేరు.

4

ఇంత మెచ్చుకున్నాక లోపాలు చెప్పకపోతే అది విమర్శ కాదు.

మొదటిది, ఈ నవలలో పనిస్థలం దాదాపు కనిపించదు. మోజెస్ రాత్రిపూట ఫ్యాక్టరీలో పనిచేస్తాడని తెలుసు. కాని ఆ యంత్రం ముందు అతను ఏమవుతాడో, పక్కనున్న తెల్ల కార్మికుడితో ఏం మాట్లాడతాడో, యూనియన్ వాళ్ళను ఎలా చూసిందో సెల్వన్ రాయడు. ప్రతి ఆదివారం ఉదయం అందరూ మోజెస్ గదిలో చేరి కష్టసుఖాలు చెప్పుకుంటారు. అది ఊరటనిస్తుంది. అక్కడ నుంచి ఒక సంఘం పుట్టదు. 1958లో నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ళ మీద దాడులు జరిగినప్పుడు, 1959లో అదే ప్రాంతంలో కెల్సో కాక్రేన్ అనే నల్ల యువకుడు హత్యకు గురైనప్పుడు, ఇలాంటి గదుల నుంచే ప్రతిఘటన పుట్టింది. నవల అంతకు రెండేళ్ళ ముందుది కనుక రచయితను తప్పుపట్టడం న్యాయం కాదనవచ్చు. నిజమే. అయినా చివర్లో మోజెస్ థేమ్స్ ఒడ్డున ఒంటరిగా నిలబడి తన వాళ్ళందరి బతుకులను తలుచుకునే చోట, ఒంటరితనానికి కొంత కవిత్వం అంటుకుంది. ఆ కవిత్వం అందమైనది. కొంచెం ప్రమాదకరమైనది కూడా.

రెండోది మరింత తీవ్రమైనది. టాంటీని, టోల్‌రాయ్ తల్లిని మినహాయిస్తే ఈ నవలలో స్త్రీలు మనుషులుగా కనిపించరు. అనుమానంతో భార్యను కొట్టే లూయిస్‌ను కూడా రచయిత హాస్యంగా దాటేస్తాడు. అద్దె గదిలో ఒంటరి మగవాడి బాధ ఒకటి, అదే గదిలో పిల్లలతో ఆడమనిషి బాధ మరొకటి. ఆ రెండో సగాన్ని రాయడానికి నైజీరియా నుంచి బూచి ఎమెచెటా రావలసివచ్చింది. 1962లో భర్త దగ్గరికి లండన్ చేరిన ఆమె, ఇరవై రెండేళ్ళకే అయిదుగురు పిల్లల తల్లి అయింది. భర్తను వదిలి, పిల్లలను పెంచుతూ రాసింది. 1974లో వచ్చిన 'సెకండ్ క్లాస్ సిటిజన్'లో కథానాయిక అడా గది కోసం ఫోన్ చేసేటప్పుడు తన ఆఫ్రికా ఉచ్చారణ తెలియకుండా గొంతు మార్చి మాట్లాడుతుంది. తీరా గది చూడటానికి వెళ్తే ఇంటావిడ ముఖం చూసి తలుపు వేసుకుంటుంది. ఆ అద్దె గదిలోనే ఆమె ఒక పుస్తకం రాస్తుంది, భర్త ఆ రాతప్రతిని కాల్చేస్తాడు. ఇంటి బయట యజమాని, ఇంటి లోపల మరో యజమాని. అంతకుముందు 1972లో వచ్చిన 'ఇన్ ద డిచ్'లో అడా పేదల కోసం కట్టిన పాత భవన సముదాయంలో పిల్లలతో కాపురం ఉంటుంది. అక్కడ ఆమెకు ఆసరా అయ్యేది తనలాగే ప్రభుత్వ సాయం మీద బతికే తెల్ల స్త్రీలు. టాంటీ కొట్టులో మొదలైన ఐక్యత ఇక్కడ ఇంకా స్పష్టమైన రూపం తీసుకుంది. ఆ భవనాలను ఖాళీ చేయించి ఒక్కొక్కరికి ఒక్కో చోట ఇల్లు చూపించడంతో ఆ ఐక్యత చెదిరిపోతుంది. మంచి ఇల్లు రావడం, తోడు పోవడం ఒకేసారి జరుగుతాయి. ఈ వైరుధ్యాన్ని పట్టుకోవడం ఎమెచెటా ప్రతిభ.

సెల్వన్ తన నవలకు తానే ఒక విమర్శ రాసుకున్నాడని కూడా చెప్పాలి. 1975లో వెలువడిన 'మోజెస్ అసెండింగ్'లో మోజెస్ ఒక శిథిలమైన ఇల్లు కొని, పై అంతస్తులో కూర్చుని, తానే అద్దెలు వసూలు చేస్తాడు. నిన్నటి బాధితుడు నేటి యజమాని. పీడితుడి రంగు మనిషికి వర్గ చైతన్యాన్ని దానంతటదే ఇవ్వదని ఇంతకన్నా చేదుగా చెప్పలేం. ఎమెచెటా నవలలో కూడా అడాకు చివరకు గది ఇచ్చేవాడు తన దేశస్థుడే.

చరిత్ర ఆ మోజెస్‌లను ఏం చేసింది? 1962 చట్టంతో వాళ్ళ వెనక తలుపు మూయడం మొదలైంది. ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968 దాకా రాలేదు. వాళ్ళు కుక్కుకుని బతికిన మేడలు తర్వాత ధనికుల చేతికి తిరిగిపోయి, ఇవాళ కోట్లు పలుకుతున్నాయి. ఎంగెల్స్ చెప్పిన సూత్రానికి ఇంకో రుజువు అక్కర్లేదు. చిన్నపిల్లలుగా వచ్చి అక్కడే ముసలివాళ్ళయినవారిని, కాగితాలు చూపించలేదన్న సాకుతో ఉద్యోగాల నుంచి, వైద్యం నుంచి, కొందరిని ఏకంగా దేశం నుంచే వెళ్ళగొట్టిన సంగతి 2018లో బయటపడి ప్రభుత్వం క్షమాపణ చెప్పుకోవలసివచ్చింది. డెబ్బై ఏళ్ళు 'సర్దుకుపోయిన' వాళ్ళకు దక్కిన ఫలితం అది.

5

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

అమెరికా వెళ్ళిన తెలుగువారి కథలు ఇవాళ విస్తారంగా వస్తున్నాయి. వాటిలో మంచివి ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువభాగం సొంత ఇల్లు కొనుక్కున్నాక మొదలవుతాయి. ఊరి శివార్లలో ఇల్లు, కారు, వెనక గడ్డి, లోపల ఊరి మీద బెంగ. బెంగను నేను తక్కువ చేయడం లేదు. నగరం మధ్యలో ఇరుకు గదిలో గడిచిన మొదటి సంవత్సరాలు కథలోకి రాకుండా ఎందుకు జారిపోతున్నాయన్నదే నా ప్రశ్న. పైకి వచ్చినవాడు ఆ మెట్టును మరచిపోవాలనుకుంటాడు, రచయిత అతనికి తోడ్పడుతున్నాడు.

ఇది కొత్త మరపు కాదు. బ్రిటిష్‌వాళ్ళు 1852 యుద్ధం తర్వాత గళ్ళు గీసి కట్టిన రంగూన్ నడిబొడ్డున, రేవు వెంబడి, వేలాది తెలుగు కూలీలు బతికారు. మేస్త్రీ ఇచ్చిన బయానా అప్పుతో కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడెక్కినవాళ్ళు వాళ్ళు. ఒకే గదిలో పట్టనంతమంది కిక్కిరిసి పడుకునేవారు. 1931 నాటికి ఆ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో తెలుగు ఓడరేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. స్టీవెడోర్లు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. తర్వాత తెలుగువాళ్ళతో రాజీ కుదరగానే ఆ బర్మా కూలీలను తీసేశారు. ఇద్దరు ఆకలిగొన్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. మనవాళ్ళు పెద్దసంఖ్యలో చచ్చిపోయారు. దాన్ని జాతుల కొట్లాట అన్నారు. కూలిరేటు దగ్గర మొదలైన కథను 'సంస్కృతుల సంఘర్షణ' అని పిలవడం అప్పటికే అలవాటయిందన్నమాట. 1942లో జపాన్ దండయాత్ర వచ్చి మిగిలినవాళ్ళలో వేలాదిమంది కాలినడకన కొండలు దాటి వచ్చారు.

నేను చదివిన తెలుగు కథల్లో రంగం ఎప్పుడూ తెర వెనక చోటే. మొగుడు రంగం వెళ్ళాడు, డబ్బు వస్తోంది, లేదా రావడం లేదు, భార్య ఎదురుచూస్తోంది. ఎదురుచూపు మన సాహిత్యానికి బాగా అలవాటైన వస్తువు. ఆ మొగుడు పడుకున్న గదిలోకి, ఆ గది కిటికీ అవతల రేవులోకి మన కథ వెళ్ళలేదు. అతను పక్కనున్న బర్మా కూలీని ఎలా చూశాడో, అతను ఇతన్ని ఎలా చూశాడో చెప్పగలిగిన తరం వెళ్ళిపోయింది.

నా దగ్గర పదో తరగతి చదువుకున్న ఒక కుర్రవాడు ఇప్పుడు దుబాయిలో పాతపట్నమైన దేరాలో, నడిబజారులో ఉంటున్నాడు. సెలవుకు వచ్చినప్పుడు మోజెస్ గది సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని అన్నాడు: "మంచం గూడ నాది గాదు సార్. నేను డ్యూటీకి పోంగనే ఇంకొకడు ఒరుగుతడు. ఇద్దరం ఒకే మంచం మీద రెండేండ్లు పన్నం. ఒక్కపారి గూడ పురసతుగ మాట్లాడుకోలే." ఆ రెండో మనిషి ఏ దేశంవాడని అడిగాను. బంగ్లాదేశ్ అని చెప్పాడు. అంతకుమించి అతనికి తెలియదు.

నేను ఆ కుర్రవాడికి ఏ సలహా ఇవ్వలేకపోయాను. అతనికి సర్దుకుపోవడం మనం నేర్పనక్కరలేదు. మన రచయితలకు మాత్రం ఒక మాట చెప్పదలచుకున్నాను. అతని బెంగను రాయండి, తప్పక రాయండి. దానితోపాటు ఆ మంచం అద్దె ఎంతో, దాన్ని ఎవరు వసూలు చేస్తారో, వీసా ఇప్పించినవాడికి బాకీ ఎంత మిగిలి ఉందో కనుక్కుని రాయండి. అదే మంచం మీద పడుకునే ఆ ఇంకొక మనిషి పేరు కూడా కనుక్కోండి. రంగం పోయినవాళ్ళ విషయంలో ఆ పని చేయలేదు. దుబాయి పోయినవాళ్ళ విషయంలో ఇంకా సమయం ఉంది.